ఐదవ అంతర్జాతీయ ధ్రువ సంవత్సర నిర్వాహకులకు ఒక పాఠకుడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సభ్యులకు,

అనేక దేశాలు కలిసి ఒకే కాలంలో ధ్రువ ప్రాంతాలను పరిశోధించే అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం ఐదవసారి 2032–33లో జరగబోతోంది. దానికి మీరు చేస్తున్న సన్నాహాలను దూరం నుంచి గమనిస్తున్న ఒక సాధారణ పాఠకుడిగా ఈ లేఖ రాస్తున్నాను. నేను శాస్త్రవేత్తను కాను. ధ్రువాల దరిదాపులకైనా వెళ్లినవాణ్ని కాను. అయితే గ్రీన్‌లాండ్ మంచు, అంటార్కిటికా మంచు ఎంత తరిగిందో తెలిపే లెక్కలను చాలాకాలంగా చదువుతూ, వాటిని నెలవారీగా ఒక పుస్తకంలో గళ్లు గీసి రాసుకుంటూ వస్తున్నాను. ఆ పుస్తకంలో అక్కడక్కడ ఖాళీ గళ్లు ఉన్నాయి. ఈ లేఖ ఆ ఖాళీ గళ్ల గురించి.

నా విన్నపం ఒక్కటే. రాబోయే ధ్రువ సంవత్సరంలో కొత్త యాత్రలు, కొత్త శిబిరాలు, కొత్త యంత్రాలు ఎన్ని ఉన్నా ఉండనివ్వండి. కానీ ఇప్పటికే నడుస్తున్న కొలతలు తెగిపోకుండా చూడటాన్ని, ఇప్పటికే కొలిచి ఎక్కడో మూలన పడేసినవాటిని వెలికితీసి చదవడాన్ని మీ ప్రణాళికలో చివరి అధ్యాయంగా కాక మొదటి అధ్యాయంగా పెట్టండి. డబ్బు పంచేటప్పుడు కూడా ఆ రెండు పనుల వాటా ముందు తీసి పక్కన పెట్టి, మిగిలినదాన్ని యాత్రలకు పంచండి. ఈ మాట మీకు కొత్త కాకపోవచ్చు. అయినా గడిచిన ధ్రువ సంవత్సరాల చరిత్ర చదివినప్పుడు, అందరికీ తెలిసిన ఈ మాటే ప్రతిసారీ వెనక్కి జరిగిపోయినట్టు నాకు కనిపించింది.

ధ్రువ సంవత్సరం అనే ఆలోచనకు మూలపురుషుడు కార్ల్ వైప్రెఖ్ట్ అని మీకు నేను చెప్పనక్కర లేదు. ఆస్ట్రియా-హంగరీ నౌకాదళంలో అధికారిగా ఉన్న ఆయన, 1872–74లో మంచులో చిక్కుకుపోయిన ఓడలో చలికాలాలు గడిపి, ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్ దీవులను కనుగొన్న యాత్రకు నాయకుల్లో ఒకరు. అంతటి పేరు తెచ్చుకుని తిరిగివచ్చిన మనిషి, 1875లో నిలబడి చెప్పినది మాత్రం తన యాత్ర గొప్ప గురించి కాదు. ఎవరికి వారు కొత్త తీరాలకు పేర్లు పెట్టుకునే పోటీ వల్ల విజ్ఞానానికి ఒరిగేది తక్కువని, అనేక చోట్ల ఒకే కాలంలో, ఒకే పద్ధతిలో, ఒకే రకం పరికరాలతో కొలిచినప్పుడే ధ్రువాల సంగతి తెలుస్తుందని ఆయన వాదించారు. తన కల నిజం కాకముందే 1881లో కన్నుమూశారు. 1882–83లో 12 దేశాలు కలిసి 15 బృందాలతో మొదటి ధ్రువ సంవత్సరాన్ని జరిపాయి. అందులో 13 ఉత్తరానికి, రెండు దక్షిణానికి వెళ్లాయి. అమెరికా పంపిన బృందాల్లో ఒకటి, అడాల్ఫస్ గ్రీలీ నాయకత్వంలోనిది, 25 మందితో బయలుదేరింది. సహాయపు ఓడలు అందక, తిండి లేక, చివరికి ప్రాణాలతో మిగిలినవారు ఆరుగురే. అలా ఒక్కొక్కరే రాలిపోతున్నా వారు తమ పరిశీలనల పుస్తకాలను విడిచిపెట్టలేదు.

అంత మూల్యం చెల్లించి తెచ్చిన లెక్కలు ఏమయ్యాయి? ఏ దేశానికి ఆ దేశం తన సంపుటాలను అచ్చు వేసింది. ఆ తరువాత వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివే పని జరగలేదు. వైప్రెఖ్ట్ కోరినది ఒకేసారి కొలవడం. కొలిచినదాన్ని ఒకేచోట చదవడం మాత్రం మిగిలిపోయింది. ఆ సంపుటాల్లోని అంకెలను కంప్యూటర్లలోకి ఎక్కించి, నాటి ఆర్కిటిక్ వాతావరణం ఎలా ఉండేదో చూసే ప్రయత్నం జరగడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

రెండవ ధ్రువ సంవత్సరం, 1932–33, ఆర్థికమాంద్యం నడుమ జరిగింది. దాని లెక్కలు పూర్తిగా అచ్చు కాకముందే యుద్ధం వచ్చింది. చాలా భాగం మళ్లీ దొరకలేదు. అయితే అదే కాలానికి చెందిన మరొక సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆ రెండేళ్లలోనే డెన్మార్క్ అన్వేషకుడు క్నుద్ రాస్ముసెన్ నడిపిన ఏడవ థూలే యాత్ర, గ్రీన్‌లాండ్ ఆగ్నేయ తీరాన్ని పటాలు గీయడం కోసం విమానంలోంచి ఫోటోలు తీసింది. ఆ ఫోటోలు డెన్మార్క్‌లో దశాబ్దాలపాటు ఎవరికీ పట్టకుండా పడి ఉన్నాయి. వాటిని వెలికితీసి, తరువాతి విమాన చిత్రాలతోనూ ఉపగ్రహ చిత్రాలతోనూ పోల్చి, 132 హిమానీనదాల అంచులు ఎనభై ఏళ్లలో ఎలా కదిలాయో తేల్చిన పరిశోధన 2012లో వెలువడింది. దాని ఫలితం ఒక్క ముక్కలో తేలేది కాదు: నేల మీదే ముగిసే హిమానీనదాలు ఇటీవలి దశాబ్దంకన్నా 1930ల వేడిమికే ఎక్కువగా వెనక్కి తగ్గాయి, సముద్రంలో ముగిసేవి మాత్రం ఇటీవలే ఎక్కువ వేగంగా తగ్గాయి. వాతావరణ మార్పు అనే మాట వాడుకలో లేని రోజుల్లో, పటాల కోసం తీసిన ఫోటోల నుంచి ఇంత సూక్ష్మమైన తేడా బయటపడింది. ఆ పెట్టెలను ఎవరైనా చోటు చాలదని పారేసి ఉంటే ఈ సంగతి మనకు మరే దారిలోనూ తెలిసేది కాదు.

మూడవ ధ్రువ సంవత్సరంగా లెక్కించే 1957–58 నాటి అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం ఈ విషయంలో మెరుగు. ప్రపంచ సమాచార కేంద్రాలను అది నెలకొల్పింది; సైన్యాలు, జెండాలు పక్కన పెట్టి ఖండాన్ని పరిశోధనకే వదిలేయాలన్న 1959 అంటార్కిటికా ఒడంబడికకు దారి వేసింది. నాలుగవదైన 2007–08 ధ్రువ సంవత్సరంలో వేర్వేరు దేశాల అంతరిక్ష సంస్థలు తమ రాడార్ ఉపగ్రహాల సమయాన్ని పంచుకున్నాయి. ఆ చిత్రాలను కలిపి శాస్త్రవేత్త ఎరిక్ రిన్యో బృందం 2011లో అంటార్కిటికా మంచు మొత్తం ఏ దిక్కుకు, ఏ వేగంతో కదులుతోందో చూపే తొలి పూర్తి పటాన్ని ప్రచురించింది. తీరంలోని హిమానీనదాల వేళ్లు ఖండం లోలోపలికి, వందల కిలోమీటర్ల దూరం వరకు పాకి ఉన్నాయని అందులో అందరూ చూడగలిగారు. ఏ ఒక్క దేశమూ ఒంటరిగా చేయలేని పని అది. మీ వంటి వేదిక అవసరమేమిటని ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది ఆ పటాన్నే. అయితే ఆ రెండేళ్ల ప్రత్యేక నిధులతో మొదలైన పరిశీలనల్లో కొన్ని, నిధులతోపాటే ముగిసిపోయాయన్నది కూడా నిజం. సంవత్సరం అనే పేరులోనే ఆ చిక్కు ఉంది. మంచు ఫలకాలకు సంవత్సరం అనేది లెక్కలోకి రాని కాలం.

ఎందుకు రాదో కొంచెం వివరంగా చెప్పాలి. మంచు ఫలకం అంటే పైన మంచు కురుస్తూ, అంచుల్లో కరుగుతూ, విరిగి సముద్రంలో పడుతూ ఉండే నిత్య వ్యాపారం. రాబడి, ఖర్చు రెండూ పెద్దవి. వాటి మధ్య తేడా చిన్నది. మనకు కావలసినది ఆ తేడా. ఒక ఏడు మంచు విపరీతంగా కురిస్తే నష్టం కనిపించదు. ఒక వేసవి మబ్బు లేకుండా మండితే నష్టం పదింతలు కనిపిస్తుంది. గ్రీన్‌లాండ్‌నే తీసుకోండి. 2017, 2018 సంవత్సరాల్లో అక్కడ నష్టం అసాధారణంగా తక్కువ. వెంటనే వచ్చిన 2019లో 530 గిగాటన్నులకు పైగా పోయింది. ఒక గిగాటన్ను అంటే 100 కోట్ల టన్నులు. దాదాపు 360 గిగాటన్నులు సముద్రంలో కలిస్తే ప్రపంచమంతటా నీటిమట్టం ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. ఆ మూడేళ్లలో ఏ ఒక్కదాన్ని చూసి మాట్లాడినా తప్పే మాట్లాడతాం. అంటార్కిటికా విషయంలోనూ ఇదే జరిగింది. 2021–23 మధ్య తూర్పు భాగంలో మామూలుకన్నా చాలా ఎక్కువ మంచు కురవడంతో ఖండం బరువు తాత్కాలికంగా పెరిగింది. ఆ వార్త విని, ఇన్నాళ్లూ చెప్పినదంతా అబద్ధమేనా అని నన్ను అడిగినవారు ఉన్నారు. వారికి నేను ఇచ్చిన జవాబు వాదన కాదు. రెండు దశాబ్దాల గీతను కాగితం మీద గీసి, ఆ మూడేళ్లు అందులో ఎక్కడ ఉన్నాయో చూపించాను. గీత పొడవుగా ఉంది కాబట్టే చూపించగలిగాను.

ఆ గీత ఎలా తయారైందో మీకు తెలుసు కానీ, ఈ లేఖను చదివే ఇతరుల కోసం రెండు మాటలు. మంచు బరువు తూచడానికి మూడు దారులు ఉన్నాయి. ఉపగ్రహం నుంచి లేజర్‌తోనో రాడార్‌తోనో మంచు ఉపరితలపు ఎత్తును కొలవడం మొదటిది. కురిసిన మంచు ఎంత, అంచుల దగ్గర సముద్రంలోకి వెళ్లినది ఎంత అని విడివిడిగా కట్టి తీసివేయడం రెండవది. మూడవది గురుత్వాకర్షణను కొలవడం, నాకు అన్నిటికన్నా ముచ్చటైనది. 2002 మార్చిలో ప్రయోగించిన గ్రేస్ జంట ఉపగ్రహాలు ఒకదాని వెనక ఒకటి, సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరిగేవి. ముందున్నది బరువైన మంచు మీదికి రాగానే ఆ బరువు దాన్ని రవ్వంత ముందుకు లాగుతుంది, ఎడం పెరుగుతుంది. వెనకది కూడా చేరుకోగానే ఎడం మళ్లీ మారుతుంది. మైక్రోమీటర్ల మేరకు ఉండే ఆ తేడాను పట్టుకుని కింద ఎంత బరువు పెరిగిందో, తరిగిందో నెలనెలా లెక్క కట్టేవారు. ఈ మూడు దారుల్లో వచ్చిన అంకెలు మొదట్లో ఒకదానితో ఒకటి పొసగేవి కావు. వాటిని సరిపోల్చడానికే ఏర్పడిన అంతర్జాతీయ బృందం 2023లో ప్రచురించిన లెక్క ప్రకారం, 1992 నుంచి 2020 వరకు గ్రీన్‌లాండ్, అంటార్కిటికా కలిపి సుమారు 7,560 గిగాటన్నుల మంచును కోల్పోయాయి; అంటే 7.56 లక్షల కోట్ల టన్నులు. దానివల్ల సముద్రమట్టం 21 మిల్లీమీటర్లు పెరిగింది. 1992–96 మధ్య ఏటా సగటున 105 గిగాటన్నులుగా ఉన్న నష్టం 2016–20 నాటికి 372కు చేరింది. పాతిక సంవత్సరాల పైచిలుకు కొలతలు లేకపోతే ఈ చివరి వాక్యం రాయడం సాధ్యం కాదు.

ఇంత విలువైన గీత ఎంత సన్నని దారాల మీద వేలాడుతోందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గ్రేస్ ఉపగ్రహాల బ్యాటరీలు అలసిపోయి 2017 జూన్ తరువాత వాటి నుంచి వాడదగిన నెలవారీ లెక్క రాలేదు. వాటి వారసులను 2018 మే 22న ప్రయోగించారు. జూన్ నుంచి లెక్క మళ్లీ మొదలైంది. మధ్యలో 11 నెలలు ఖాళీ. గ్రీన్‌లాండ్ అసాధారణంగా ప్రవర్తించిన 2017, 2018 సంవత్సరాల మీదే ఆ ఖాళీ పడటం కేవలం దురదృష్టం. లేజర్‌తో ఎత్తు కొలిచే ఐస్‌శాట్ 2009లో ఆగిపోతే, దాని వారసుడు అంతరిక్షానికి చేరింది 2018 సెప్టెంబరులో. ఆ తొమ్మిదేళ్ల ఖాళీని పూడ్చడానికి ఆపరేషన్ ఐస్‌బ్రిడ్జ్ పేరుతో విమానాలు నడపవలసి వచ్చింది. విమానం ఎంత తిరిగినా ఖండమంతా తిరగలేదు. యూరప్ వారి తొలి క్రయోశాట్ 2005లో రాకెట్ వైఫల్యంతో సముద్రం పాలైంది. 2010 ఏప్రిల్‌లో వెళ్లిన రెండవ క్రయోశాట్, తనకు నిర్దేశించిన ఆయువును ఎన్నడో దాటి కూడా పనిచేస్తూ వచ్చింది. అది మన ముందుచూపు ఫలితం కాదు, దాన్ని తయారుచేసినవారి పనితనం చలవ.

యంత్రాలు పాడవడం సహజం. దానికి ఎవరినీ తప్పుపట్టలేం. నిర్ణయాల వల్ల తెగేవాటి సంగతి వేరు. సముద్రపు మంచు విస్తీర్ణాన్ని 1978 చివరి నుంచి సూక్ష్మతరంగాల సాయంతో, చీకటిలోనూ మబ్బుల కిందా కూడా విడవకుండా కొలుస్తున్నారు. అందులో ప్రధాన భాగం చాలాకాలం పాటు అమెరికా సైనిక వాతావరణ ఉపగ్రహాల నుంచి వస్తూ వచ్చింది. 2025 జూన్ చివరి వారంలో, ఆ సమాచారాన్ని పంచడం నెలాఖరుకే ఆపేస్తామని ప్రకటన వచ్చింది. తరువాత గడువును జులై చివరికి పొడిగించారు. ఆ పైన ఆలోచన మార్చుకుని 2026 సెప్టెంబరు వరకు కొనసాగిస్తామన్నారు. దాదాపు అర్ధ శతాబ్దపు కొలతను కొన్ని రోజుల నోటీసుతో ఆపేయవచ్చని అప్పుడే నాకు తెలిసింది. నాసా, ఇస్రో కలిసి 2025 జులైలో ప్రయోగించిన నిసార్ వంటి రాడార్ ఉపగ్రహాలు మంచు కదలికను మరింత తరచుగా చూపిస్తాయని సంతోషించే వేళలోనే, పక్క గదిలో పాత దీపాన్ని ఆర్పే మాటలు వినిపించాయి. మీకు ఉపగ్రహాల మీద అధికారం లేదని తెలుసు. కానీ ఏ కొలత ఎప్పటివరకు నడుస్తుంది, దాని వారసుడు ఎప్పుడు వస్తాడు, మధ్యలో ఎన్ని నెలలు ఖాళీ పడే ప్రమాదం ఉంది అన్న పట్టికను ఏటా అందరి ముందు పెట్టే అధికారం మీకు ఉంది. ఆ పట్టిక ఒక్కటి ఉంటే, ఆపేసేవారు కనీసం జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

ఇక మూలన పడినవాటి సంగతి. దీని గురించి నేను ఎక్కువ రాస్తే క్షమించండి. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే.

1959లో అమెరికా సైన్యం గ్రీన్‌లాండ్ వాయవ్య భాగంలో, మంచులో సొరంగాలు తవ్వి క్యాంప్ సెంచరీ అనే స్థావరాన్ని కట్టింది. సైన్యం ఉద్దేశాలు సైన్యానివి. కానీ అక్కడే 1966లో మంచు ఫలకాన్ని అడుగుదాకా, సుమారు 1,390 మీటర్ల లోతు తొలిచి, మొదటిసారిగా మంచు పునాది వరకు మంచు కడ్డీలను పైకి తీశారు. డెన్మార్క్‌కు చెందిన విలీ డాన్స్‌గార్డ్ ఆ కడ్డీల్లోని ఆక్సిజన్ ఐసోటోపులను, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ రకాలను, కొలిచి, లక్ష సంవత్సరాల నాటి చలి, వేడిమి హెచ్చుతగ్గులను పొరపొరగా చదివి చూపించారు. మంచును గ్రంథంలా చదవవచ్చని లోకానికి తెలిసింది అప్పుడే. ఆ తొలిచినవారు మంచుతో ఆగక, దాని కింద ఉన్న గడ్డకట్టిన మట్టిని కూడా మూడున్నర మీటర్ల మేర తీశారు. ఆ మట్టిని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒక ప్రయోగశాల నుంచి మరొకదానికి, అమెరికా నుంచి కోపెన్‌హాగన్‌కు చేతులు మారుతూ, చివరికి గాజు సీసాల్లో అది ఉందన్న సంగతే అందరూ మరచిపోయారు. 2017లో శీతల గిడ్డంగి సర్దుతుండగా ఆ సీసాలు బయటపడ్డాయి. విప్పి చూస్తే అందులో చిన్న కొమ్మలు, ఆకులు, నాచు! దాదాపు మైలు మందాన మంచు కప్పిన చోట ఒకప్పుడు మొక్కలు పెరిగాయన్న మాట. ఆ మట్టి రేణువులు చివరిసారిగా ఎండను ఎప్పుడు చూశాయో లెక్కకట్టి, సుమారు 4,16,000 సంవత్సరాల క్రితం ఆ ప్రాంతంలో మంచు లేదని 2023లో ప్రకటించారు. నాటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ నేటికన్నా చాలా తక్కువ. అంత తక్కువ వేడిమికే ఆ భాగం కరిగిపోయిందంటే, గ్రీన్‌లాండ్ మంచు మనం ఊహించుకున్నంత మొండిది కాదు.

ఇందులో నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. 1966లో ఆ మట్టి వయసును అలా చెప్పగల పద్ధతే ఇంకా పుట్టలేదు. అప్పట్లో ఎవరైనా దాన్ని శ్రద్ధగా పరీక్షించి ఉంటే, ఆ పరీక్షల్లోనే అది ఖర్చయిపోయి ఉండేది. మరచిపోవడం వల్ల బతికిపోయింది. అలాగని మరపునే పద్ధతిగా పెట్టుకోలేం కదా. భవిష్యత్తు పద్ధతుల కోసం కొంత భాగాన్ని తాకకుండా ఉంచడం, అది ఎక్కడ ఉందో రాసి ఉంచడం అనే రెండు చిన్న నియమాలు చాలు. ఇవి లేకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా ఉంది. 2017 ఏప్రిల్‌లోనే కెనడాలోని ఒక విశ్వవిద్యాలయంలో శీతలీకరణ యంత్రం చెడిపోయి, ఆర్కిటిక్ దీవుల నుంచి తెచ్చిన మంచు కడ్డీల్లో దాదాపు ఎనిమిదో వంతు కరిగి నీరైపోయింది. వేల సంవత్సరాలు నిలిచిన మంచు గిడ్డంగిలో కొన్ని గంటలు నిలవలేకపోయింది. ఒక చోట ఉన్న నిల్వకు మరొక చోట జోడు ఉండాలన్నది ఏ గిడ్డంగి యజమానికైనా తెలిసిన సంగతే. మంచు కడ్డీల విషయంలో అది ఇప్పటికీ నియమం కాలేదు.

2025 జనవరిలో అంటార్కిటికాలోని లిటిల్ డోమ్ సి వద్ద యూరప్ శాస్త్రవేత్తలు 2,800 మీటర్ల లోతున అడుగు శిలను చేరుకున్నారు. 12 లక్షల సంవత్సరాలకు పైబడిన మంచు అందులో ఉంది. అంతకుముందు దగ్గరలోని డోమ్ సి వద్ద తీసిన కడ్డీలు 8,00,000 సంవత్సరాల గాలిని మనకు అందించాయి. ఆ కాలమంతటిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాల్లో సుమారు 300 భాగాలను మించలేదు, నేడు 420 దాటింది. కొత్త కడ్డీలు అంతకన్నా పాత చిక్కుముడిని విప్పవచ్చు. సుమారు 10 లక్షల సంవత్సరాల క్రితం, 41,000 సంవత్సరాలకోసారి వచ్చే మంచు యుగాలు లక్ష సంవత్సరాలకోసారి రావడం ఎందుకు మొదలైందన్నది ఆ ముడి. ఈ కడ్డీలకు దక్కుతున్న శ్రద్ధ చూసి సంతోషిస్తున్నాను. నలభై ఏళ్ల తరువాత వాటిలో మిగిలిన ముక్కలు ఏ అరలో ఉంటాయో మీరు ఇప్పుడే రాసి పెట్టాలని కోరుతున్నాను.

కాగితాలు, ఫిల్ములు కూడా మంచు కడ్డీల వంటివే. 1970ల్లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు, అమెరికా, డెన్మార్క్ సహచరులతో కలిసి విమానాల నుంచి రాడార్ తరంగాలను మంచులోకి పంపి, అడుగు శిల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వనిని ఫిల్ము మీద నమోదు చేశారు. 4 లక్షల కిలోమీటర్లకు పైగా సాగిన ఆ ప్రయాణాల ఫిల్ములను ఇటీవల స్కాన్ చేశారు. అందులో పశ్చిమ అంటార్కిటికాలోని త్వైట్స్ హిమానీనదపు 1978 నాటి చిత్రం దొరికింది. ఇప్పటి రాడార్ కొలతలతో పోలిస్తే, దాని తూర్పు వైపు సముద్రం మీద తేలే అరుగు 1978–2009 మధ్య చోటును బట్టి 10 నుంచి 33 శాతం వరకు పలచబడిందని తేలింది. తేలే అరుగు అంటే శాస్త్రజ్ఞులు ఐస్ షెల్ఫ్ అనేది. నేల మీది మంచు సముద్రంలోకి సాగి, వెనకనున్న మంచుకు అడ్డుగోడలా నిలిచేది. ఉపగ్రహాలు రాకముందు నాటి ఆ కొలత లేకపోతే త్వైట్స్ కథ మనకు మధ్యలోనుంచే తెలిసేది.

ఆ మాటకొస్తే అది ఇప్పటికీ మధ్యలోనుంచే తెలుస్తున్న కథ. పక్కనున్న పైన్ ఐలాండ్ హిమానీనదం కింద సముద్రపు అడుగు మట్టిని తీసి చూసినవారు, అది నీటి కింది గట్టును వదిలి తేలడం 1940ల్లోనే మొదలైందని 2016లో చెప్పారు. అప్పట్లో అక్కడ ఎవరూ లేరు, ఏ పరికరమూ లేదు. పశ్చిమ అంటార్కిటికా మంచు సముద్రమట్టానికి కింద ఉన్న నేల మీద కూర్చుని ఉంది కాబట్టి, వేడిమి పెరిగితే అది నిలదొక్కుకోవడం కష్టమని హిమానీనద శాస్త్రవేత్త జాన్ మెర్సర్ 1978లోనే హెచ్చరించారు. అంటార్కిటికా ద్వీపకల్పంలోని తేలే అరుగులు ఉత్తరం నుంచి ఒక్కొక్కటిగా విరిగిపోవడం అందుకు తొలి గుర్తు అవుతుందన్నారు. అక్కడి అరుగుల్లో 1995లో లార్సెన్ ఎ, 2002లో సుమారు 3,250 చదరపు కిలోమీటర్ల లార్సెన్ బి విరిగిపోయాయి. రెండవది కొన్ని వారాల్లోనే చెదిరిపోయింది. దాని వెనకనున్న హిమానీనదాలు వేగం పుంజుకున్నాయి. మెర్సర్ మాటను ఆనాడు అతిశయోక్తి అన్నవారు తక్కువమంది కాదు.

అలాగని భయపెట్టే మాటలన్నీ నిజమవుతాయని నేను అనను. త్వైట్స్‌కు పత్రికలు ప్రళయ హిమానీనదం అని పేరు పెట్టాయి. ఆ పేరు నాకు నచ్చదు. అది పూర్తిగా పోతే సముద్రమట్టం 65 సెంటీమీటర్ల మేర పెరుగుతుందన్నది నిజమే. కానీ ఆ పేరు, జరగబోయేది ముందే తెలిసిపోయినట్టు మాట్లాడుతుంది. 2020 జనవరిలో దాదాపు 600 మీటర్ల మంచుకు వేడినీటితో రంధ్రం చేసి, ఐస్‌ఫిన్ అనే సన్నని రోబోను కిందికి దింపినవారు చూసినది ఇంత సులువుగా లేదు. అడుగు చదునుగా ఉన్నచోట మంచు అనుకున్నంత వేగంగా కరగడం లేదు. ఏటా 2 నుంచి 5 మీటర్లే. పగుళ్లలో, మెట్లలా ఉన్న నిటారు గోడల్లో మాత్రం కరగడం చాలా ఎక్కువ. ఒకే ఒక్క రంధ్రం మన లెక్కలను ఇంతగా సవరిస్తే, అలాంటివి పదేళ్లపాటు విడవకుండా కొలిచే పరికరాలు పది చోట్ల ఉంటే ఏమి తెలుస్తుందో ఊహించండి. కొత్త యాత్రల మీద నాకు అభ్యంతరం ఉన్నదంతా, వెళ్లి చూసి వచ్చేయడం మీదే. వెళ్లినచోట ఏదో ఒకటి కొలుస్తూ మిగిలి ఉండాలి.

ఎత్తైన మంచు గోడలు తమ బరువుకు తామే కూలిపోతాయన్న ఊహను చేర్చి 2016లో వేసిన అంచనాలు, ఈ శతాబ్దంలోనే అంటార్కిటికా నుంచి మీటరుకు పైగా సముద్రమట్టం పెరగవచ్చన్నాయి. 2024లో వెలువడిన మరో పరిశోధన, త్వైట్స్ విషయంలో ఈ శతాబ్దంలో అలాంటి కూలుడు జరిగే అవకాశం తక్కువని చెబుతూనే, మంచు వెనక్కి తగ్గడం ఇతర కారణాలతో ఆగదని చెప్పింది. వాతావరణ మార్పుపై ఏర్పడిన అంతర్‌ప్రభుత్వ సంఘం 2021 నివేదికలో, 2100 నాటికి పెరుగుదల ఉద్గారాలను బట్టి 0.28 నుంచి 1.01 మీటర్ల మధ్య ఉండవచ్చని రాసి, 2 మీటర్లకు దగ్గరగా వెళ్లడాన్ని కూడా కొట్టిపారేయలేమని పక్కనే చేర్చింది. తీరంలో గోడ కట్టాలా, ఊరిని జరపాలా అని నిర్ణయించవలసినవారికి ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే అసలు కష్టం. ఆ దూరం తగ్గేది మరింత జోరైన కంప్యూటర్ల వల్ల మాత్రమే కాదు. కంప్యూటరు గతాన్ని సరిగా చెప్పగలిగిందో లేదో పరీక్షించడానికి తెగని కొలతలు కావాలి.

ఇక్కడ చిన్న పక్కమాట. తెలుగులో పొగమంచును, ఆకాశం నుంచి రాలేదాన్ని, రాయిలా గట్టిపడినదాన్ని కూడా మంచు అనే ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటాం. అందువల్ల సముద్రపు మంచు కరిగితే నీటిమట్టం పెరుగుతుందా అని అడిగేవారికి, నీటి మీద తేలేది వేరు, నేల మీద కూర్చున్నది వేరు అని మొదటినుంచి చెప్పుకురావలసి ఉంటుంది. మొదటిది కరిగినా మట్టం దాదాపు మారదు. రెండవది మొత్తం కరిగితే గ్రీన్‌లాండ్ నుంచి 7 మీటర్లకు పైగా, అంటార్కిటికా నుంచి సుమారు 58 మీటర్లు. మీ ఫలితాలను ఇంగ్లిషు సారాంశాలతో ఆపకుండా, ఈ తేడాలు తెలిసేలా వివిధ భాషల్లో రాయించడానికి కూడా కొంత డబ్బు కేటాయిస్తే మేలు. ఇది నా ప్రధాన విన్నపం కాదు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

నా మాటకు రాగల అభ్యంతరాన్ని నేనే చెబుతాను. కొత్త యాత్రలకు ప్రభుత్వాలు డబ్బిస్తాయి, పాత ఫిల్ములకు ఇవ్వవు; యువ పరిశోధకులకు పేరు తెచ్చేది తొలి ఆవిష్కారమే కానీ ఇరవయ్యవ సంవత్సరపు కొలత కాదు. నిజమే. అంటార్కిటికా అడుగు నేలను చూపే పటంలో కూడా ఇంకా కొలవని ఖాళీలు చాలా ఉన్నాయి; డెన్‌మన్ హిమానీనదం కింద సముద్రమట్టానికి 3,500 మీటర్ల లోతున లోయ ఉందని తెలిసిందే 2019లో. వెళ్లి చూడవలసినది ఎంతో ఉంది. అందుకే యాత్రలు వద్దని అనడం లేదు. ధ్రువ సంవత్సరం పేరు మీద ఆమోదించే ప్రతి యాత్రా, అక్కడ ఉంచిన పరికరాలను 2033 తరువాత కనీసం పదేళ్లు ఎవరు చూసుకుంటారో, తెచ్చిన నమూనాల్లో ఎంత భాగాన్ని తాకకుండా ఉంచుతారో, దానికి రెండో నిల్వ ఎక్కడో దరఖాస్తులోనే రాయాలని నియమం పెట్టండి. పాత సంపుటాలు, గాజు పలకలు, ఫిల్ములు ఏ దేశంలో ఏ గదిలో ఉన్నాయో ఒక జాబితా తయారుచేయడానికి ఇప్పటినుంచే మనుషులను నియమించండి. 2032 వరకు ఆగవలసిన పని కాదది. ఇరవై ఏళ్ల కొలతను నిలబెట్టినవారికి ఆ సంవత్సరంలో ఒక గౌరవం ఏర్పాటు చేస్తే, యువకులు కూడా దానివైపు చూస్తారు.

మీ ప్రణాళిక తుది ప్రతి వెలువడిన రోజున నేను ముందుగా వెతికేది యాత్రల పటాన్ని కాదు, ఈ నియమాలను. గురుత్వాకర్షణ ఉపగ్రహాల తరువాతి జంటను 2028లో ప్రయోగించాలని అనుకుంటున్నట్టు చదివాను. నా పుస్తకంలో 2017 జులై నుంచి 2018 మే వరకు ఉన్న 11 గళ్లు ఇక ఎప్పటికీ ఖాళీయే. వాటి తరువాతి పుటల్లో ఇప్పటికే నెలల పేర్లు రాసి గళ్లు గీసి ఉంచాను.

నమస్కారాలతో,
మంచు లెక్కలు రాసుకునే ఒక పాఠకుడు